ముందుచూపు గల ఛాయాచిత్రకారుడు: రాజా దీన్‌దయాళ్

దీపముండగనే యిల్లు చక్కదిద్దుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. సేద్యము చేయువాడు పండిన పంటలో మేలైన గింజను వేరుపరచి విత్తనమునకై గాదెలో దాచును. ఆ యేటి ఆకలికి వెరచి విత్తనమునే వండుకొని తిన్నవానికి మరుసటి ఏరువాకనాడు చేలోనికి పోవు దారి లేదు. నెలజీతము గల యుద్యోగికంటె, తన చేతిపనిని నమ్ముకొని స్వతంత్రముగ జీవించువానికి ఈ ధర్మము మరింత ముఖ్యము. దానిని ఛాయాచిత్ర కళయందు ఆచరించి చూపిన మహనీయుడు రాజా దీన్‌దయాళ్. ఆయన పుట్టినది ఉత్తరదేశమున నైనను, కీర్తి గడించినది తెలుగునేలపై హైదరాబాదు, సికింద్రాబాదులయందు. విస్సన్నపేటకు ఉత్తరమున కొలది ఆమడల దూరముననే నాటి నిజాము రాజ్యపు పొలిమేర యుండెను. కావున ఆయన చరిత్రము ఈ ప్రాంతమువారికి పరాయిది కాదు.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరమున మీరట్ సమీపమందలి సర్ధానా గ్రామమున నొక జైన కుటుంబమున జన్మించెను. వారిది నగల వర్తకము. రవ్వను వెలుగున కెత్తి పట్టి దాని గుణదోషములు కనిపెట్టుట ఆ యింటివారి విద్య. కాని బాలుడు కులవృత్తిని వీడి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, కొలతలు, పటములు గీయుట, అంచనాలు కట్టుట నేర్చుకొనెను. 1866లో ఇందూరు నగరమున మరమ్మతు శాఖవారి కార్యాలయమునందు అంచనాలు కట్టువాడుగను, పటములు గీయువాడుగను కుదురుకొనెను. ప్రభుత్వోద్యోగము, నిలుకడైన జీతము, కడపట పింఛను. ఆ కాలమున నొక గృహస్థునకు అంతకుమించి కోరదగినది లేదు.

1874 ప్రాంతమున, ముప్పదియేండ్ల వయస్సున, ఆయన కెమెరా చేతబట్టెను. ఆనాటి ఛాయాచిత్రణము నేటివలె మీట నొక్కిన ముగియునది కాదు. గాజుపలకపై మందు పూసి, అది తడియారకమునుపే కెమెరాలో నుంచి వెలుగు సోకించి, వెంటనే చీకటి గుడారములోనికి కొనిపోయి కడుగవలెను. ఒక కోట బొమ్మ తీయవలెనన్నను బరువైన కెమెరా, గాజుపలకలు, మందుసీసాలు, నీరు, గుడారము వెంట నుండవలెను. ఎండ మిక్కుటమైనచో మందు ఆరిపోవును. ధూళి రేగినచో పలక చెడును. డబ్బును శ్రమయు మ్రింగివేయు విద్య యది. అందుచేత దీన్‌దయాళ్ ఉద్యోగమును వెంటనే వదలలేదు. జీతము ఇల్లు గడుపుచుండగా కెమెరా పని నేర్చుకొనుచు, చేయి తిరుగువరకు వేచియుండెను. తొందరపడి ఉన్న కొమ్మను నరికికొనలేదు.

ఇందూరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన పనితనమును మెచ్చి ప్రోత్సహించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీ పరిచయమును లభించెను. 1875-76లో వేల్సు యువరాజు హిందూదేశ యాత్రకు వచ్చినపుడు ఆయనను చిత్రించు నవకాశము కలిగెను. పిమ్మట డేలీ స్థానమునకు వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1880ల మొదట బుందేలుఖండ యాత్రయందు దీన్‌దయాళును వెంటబెట్టుకొని పోయెను. ఆ ప్రయత్నముల ఫలముగ మధ్యభారతమందలి ప్రసిద్ధ కట్టడములపై గ్రిఫిన్ గ్రంథము 1886లో వెలువడెను. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయములు, సాంచీ స్తూపము దీన్‌దయాళ్ చిత్రములద్వారా దూరదేశముల వారికిని కన్నులగట్టినవి.

ఇచట నొక సూక్ష్మము గమనింపదగినది. ఒక గృహస్థుని బొమ్మ తీసిన, దానిని కొనువారు ఆ యింటివారే. కోట బొమ్మయైనచో చూచిన ప్రతి యాత్రికుడును కొనగలడు. గాజుపలక చెడనంతకాలము ఒకే పలకనుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. దీన్‌దయాళ్ తన పలకలపై చోటు పేరును, తన పేరును, వరుససంఖ్యను వ్రాయించెడివాడు. ఏండ్లు గడచిన పిదప నెవరైన సంఖ్య చెప్పినను ఆ పలకను వెదకి ప్రతి తీసి యీయవచ్చును. అంచనాలు కట్టి, లెక్కలు వ్రాసిన చేయి గనుక ఆ పద్ధతి అలవడెను. పాడియావు ఏటేట ఈనినట్లు ఒకనాటి శ్రమ పెక్కేండ్లు ఫలమిచ్చునట్లు చేయుట యనగా నిదియే.

కళ యెంత పేరు తెచ్చినను ఉద్యోగము వీడుట చిన్న విషయము కాదు. భార్యాబిడ్డలు గలవాడు. రాజుల ఆదరణ నేడుండి రేపు తొలగవచ్చును. దీన్‌దయాళ్ ఇందుకు నడిమి మార్గ మొకటి కనిపెట్టెను. ఒక్కమారు రాజీనామా యీయక, రెండేండ్ల దీర్ఘపు సెలవు కోరెను. ఆ సెలవునందు సంస్థానములు తిరిగి, కోటలు, కోవెలలు, రాజభవనములు చిత్రించి, ఆ చిత్రములను జనులెట్లు స్వీకరింతురో పరీక్షించి చూచెను. ఆదరణ బాగుగ నుండెను. సెలవు ముగిసిన పిమ్మట పింఛను పొంది ఉద్యోగమునుండి విరమించెను. లోతు తెలియని యేటిలో కర్ర గుచ్చి చూచి అడుగు వేసినవాని తీరిది.

ఆయన తరువాతి యెంపికయు నట్టిదే. 1886లో సికింద్రాబాదున చిత్రశాల తెరచెను. ఆ యూరున ఆంగ్లేయుల పెద్ద దండుండెను. దొరలు వచ్చుచు పోవుచు నుండుటచే కొత్త గిరాకి ఎన్నడును తరుగదు. స్వదేశమందలి బంధువులకు పంపుటకై ప్రతివాడును బొమ్మలు కోరెడివాడు. 1874 నాటికే రైలుమార్గము సికింద్రాబాదునకు చేరియుండెను గనుక సామాను తెప్పించుటకును, చిత్రములు పంపుటకును సుకరము. ప్రక్కనే హైదరాబాదున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువుండెను. నిజాము ఆయనను ఆస్థాన చిత్రకారునిగ నియమించెను. 1880ల నడుమ వైస్రాయి డఫ్రిన్ ప్రభువు నియామకమును లభించెను.

నిజాము కొలువున ఆయన తీయని దృశ్యము లేదు. దర్బారులు, విందులు, సైన్య విన్యాసములు, భవనములు, వేటలు ఆయన పలకల కెక్కినవి. వరంగల్లు ప్రాంతపు నెక్కొండవద్ద 1902లో కర్జను ప్రభువు పులివేట యాడినప్పటి చిత్రము నేటికిని ప్రసిద్ధము. దొరల వైభవమునే గాక, కరవు కాలమున నిజాము రాజ్యమున జరిగిన సహాయపు పనులను సైతము ఆయన సంస్థ చిత్రించెను. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అను బిరుదము ప్రసాదించెను. ముసవ్విరనగా చిత్రకారుడని యర్థము.

ఇంతటి కొలువు దొరకినను ఆయన ఒక్క దాతపైననే భారము వేసి కూర్చుండలేదు. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొరకు వేరుగ నొక చిత్రశాల నేర్పరచెను. దాని చుట్టును ఎత్తైన గోడలు. పని నడుపుటకు కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితను నియమించెను. పరపురుషుని యెదుట కూర్చుండ వీలులేని స్త్రీలకు తమ బొమ్మ తమ యింట నుండు భాగ్య మట్లు కలిగెను. వారి మర్యాదకు లోపము రాలేదు. వ్యాపారమునకును కొత్త ద్వారము తెరచుకొనెను. 1893లో చికాగో ప్రదర్శనమునకు చిత్రములు పంపి బహుమానము పొందెను. 1896లో బొంబాయిలో గొప్ప చిత్రశాల స్థాపించెను. 1897లో విక్టోరియా రాణిచే రాజచిత్రకార గౌరవమును గాంచెను. కుమారులు జ్ఞాన్‌చంద్, ధర్మచంద్‌లను ఈ వృత్తియందే తీర్చిదిద్దెను. పలువురు పనివారిని చేర్చుకొని, తాను లేనిచోట సైతము పని సాగునట్లు ఏర్పాటు చేసెను.

అయినను మానవుని యేర్పాటు కొక హద్దు కలదు. 1904లో ధర్మచంద్ మరణించెను. పుత్రశోకము ఆ వృద్ధుని క్రుంగదీసెను. మరుసటి యేడు 1905లో దీన్‌దయాళ్ సైతము లోకము విడిచెను. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించెను. పోషించిన ప్రభువు పోయెను, నడపిన చేయి పోయెను. సంస్థకు పూర్వపు వైభవము మరల రాలేదు. ఎన్ని ద్వారములు తెరచినను, రాజుల గుమ్మమే పెద్ద ఆధారమైనచోట ఆ గుమ్మము మూతపడిననాడు ఇబ్బంది తప్పదు. ఇదియు ఆయన జీవితము నేర్పు పాఠమే.

కాని ఆయన వేసిన విత్తనము వృథా కాలేదు. ఆ గాజుపలకలను కుటుంబమువారు భద్రపరచిరి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2857 పలకలను సేకరించెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించెను. నాటి హైదరాబాదు వీథులు, భవనములు, మనుష్యుల ముఖములు ఎట్లుండెనో నేటివారికి తెలియుటకు ఆ సంఖ్యలు వేసిన పలకలే ఆధారము. గ్రంథాలయమున పుస్తకము వరుసతప్పక అమర్చబడి, అడిగినవాని చేతికి వచ్చుటయందలి ప్రయోజనమే వానియందును గలదు.

నేడు పల్లెపల్లెను పెండ్లిండ్లకు, వేడుకలకు ఫొటోలు తీసి జీవించు యువకులు కలరు. ప్రతివాని చేతిలోని ఫోనునందును కెమెరా యున్నది. పెండ్లి ముహూర్తములు లేని మూఢముననో, వానకాలముననో వారికి పని యుండదు. అట్టివారికి దీన్‌దయాళ్ జీవితము మంచి దారి చూపును. చేయి తిరుగకముందే ఉన్న ఆధారమును వదలరాదు. గిరాకి యెచట నుండునో చూచి కొట్టు పెట్టవలెను. ఎవరును చేరని వారిని చేరవలెను. తీసిన ప్రతి చిత్రమును తేదీ వేసి, పేరు వ్రాసి దాచవలెను. ఒక్క యింటి ఆదరణపైననే బ్రతుకు నిలుపరాదు. వెలుగు నమ్మి బ్రతుకు వృత్తి యది. వెలుగుండగనే రేపటి పనిని సిద్ధము చేసికొన్నవానికి చీకటి భయము లేదు.