పసిపిల్లల రక్త క్యాన్సర్‌ను తొలిసారి నిలువరించిన తెలుగు వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

బళ్లారి నుంచైనా, హోసూరు నుంచైనా, బరంపురం నుంచైనా, యానాం నుంచైనా రక్త క్యాన్సర్ సోకిన బిడ్డను భుజాన వేసుకుని తల్లిదండ్రులు పెద్ద నగరాల ఆసుపత్రులకు చేరినప్పుడు, ఆ బిడ్డకు నెలల తరబడి వాడవలసిన మందుల జాబితాలో మిథోట్రెక్సేట్ అనే పేరు తరచుగా కనబడుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన వృద్ధులకు వారానికొకసారి వేసుకొమ్మని ఇచ్చే చిన్న పసుపుపచ్చని బిళ్ల కూడా అదే. ఆ మందు పుట్టుక వెనుక ఒక తెలుగువాడి జీవితకాలపు శ్రమ ఉన్నదన్న సంగతి దానిని మింగే కుటుంబాల్లో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాల్గవవాడు. తండ్రి అనారోగ్యం వల్ల ఇంటికి రాబడి తగ్గి, సంసారభారం తల్లిపై పడింది. చదువు మీద మనసు నిలవని ఆ బాలుడు, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఒకనాడు ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి అతనిని వెనుకకు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో కొంతకాలం చదివి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలులో మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. మూడుసార్లు పరీక్ష రాసిన ఆ విద్యార్థే తరువాతి కాలంలో ప్రపంచ వైద్యశాస్త్ర గ్రంథాలకెక్కాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆయనకు రామకృష్ణ మఠంపై ఆసక్తి కలిగింది. సన్యసించి సేవ చేయాలని కోరుకున్నాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యుడవై సేవ చేయవచ్చునన్న పెద్దల సలహాతో 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువుకు ఆర్థికంగా అండగా నిలిచాడు.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స గదికి ఖద్దరు అంగీతో వెళ్లాడు. ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా, మిగిలిన విషయాల్లో రాణించినా, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు.

ఇంట జరిగిన ఘోరం

ఆయన జీవితానికి దారి చూపిన సంఘటన ఆ కళాశాలలో జరిగినది కాదు, ఇంట్లో జరిగినది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. తిన్న అన్నం ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం క్షీణించి మనిషి పాలిపోయి కట్టెలా మిగులుతాడు. ఆనాటి ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. తరువాత అదే వ్యాధి సుబ్బారావుకూ సోకింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఔషధంతో ఆయన కోలుకున్నాడు. ఆ కృతజ్ఞతతో, ఆ కుతూహలంతో లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించాడు. ఏ పదార్థం తనను బ్రతికించింది, అది అన్నదమ్ములకు ఎందుకు అందలేదు అన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలని సంకల్పించాడు. చేతిలో డబ్బు లేదు. మామగారి సాయానికి తోడు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయానికి ముందుకు వచ్చింది. ఆ సత్యలింగ నాయకర్ యానాం పొరుగునే ఉన్న కోరంగిలో పుట్టి, రంగూనులో ఆర్జించిన ధనాన్ని విద్యాదానానికి రాసి ఇచ్చిన మహనీయుడు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు. గర్భవతియైన భార్యను పుట్టింట వదలి, కొద్ది సంవత్సరాల్లో తిరిగిరావాలన్న తలంపుతోనే వెళ్లాడు. ఆయన వెళ్లాక పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. సుబ్బారావు మరల స్వదేశానికి రానూ లేదు.

హార్వర్డ్‌లో పద్దెనిమిదేళ్లు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు తీసి శుభ్రం చేసే పని చేశాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, తరువాత జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రయోగశాలల్లో స్థిరపడింది. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం ఎలా పనిచేస్తుందన్న విషయంపై నోబెల్ బహుమానం పొందిన సిద్ధాంతాన్నే ఈ పరిశోధనలు సవరించాయి.

1930లో డాక్టరేటు వచ్చింది. కాని హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. కీర్తి కోసం ఎగబడే స్వభావం ఆయనది కాదు. పరిశోధన పత్రాల్లో సహచరుల పేర్లు ముందుంచి తాను వెనుక నిలిచేవాడు. 1940లో ఆయన హార్వర్డ్‌ను వదలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ఔషధ సంస్థలో చేరాడు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

రక్తం పట్టే విటమిను

లెడర్లేలో ఆయన తన పాత ప్రశ్న దగ్గరకే తిరిగి వచ్చాడు. బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీలకు వచ్చే ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించింది. ఆ సారంలో దాగిన పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. సుబ్బారావు కూర్చిన బృందం కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి దానిని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలోనే తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. అమెరికాలోను, క్యూబాలోను వైద్యులు దానిని స్ప్రూ రోగులకు, రక్తహీనత రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవారి రక్తం మళ్లీ పెరిగింది. నేడు ప్రతి పల్లెలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్లలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. అన్నదమ్ములను తీసుకుపోయిన వ్యాధికి ఆయన ఆ విధంగా సమాధానం చెప్పాడు.

పదహారుమంది పిల్లలు

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురయింది. బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆ రోజుల్లో పిల్లలకు తీవ్రమైన లుకేమియా వస్తే మందు లేదు. రక్తం ఎక్కించడం, బాధ తగ్గించడం మినహా వైద్యులు చేయగలిగినదేమీ లేదు. వారాల్లోనో, కొద్ది నెలల్లోనో బిడ్డ చనిపోయేవాడు. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేస్తున్నది గనుక ఈ పిల్లలకూ మేలు చేయవచ్చునని తలచి, ఫార్బర్ లెడర్లే నుంచి తెప్పించిన ఆ జాతి పదార్థాలను వాడి చూశాడు. ఫలితం తారుమారైంది. చెడ్డ కణాలు మరింత వేగంగా పెరిగాయి. మేలు తలచి ఇచ్చిన మందు పిల్లలకు కీడు చేసినట్లయింది.

అయితే ఆ చేదు అనుభవం నుంచే ఒక ఆలోచన పుట్టింది. ఫోలిక్ ఆమ్లం అందితే క్యాన్సర్ కణం బలపడుతున్నదంటే, అది అందకుండా చేస్తే క్షీణించాలి కదా. సుబ్బారావు బృందంలోని రసాయనవేత్తలు అప్పటికే ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పని మాత్రం చేయని పదార్థాలను తయారుచేస్తున్నారు. తాళంలో సరిపడని తాళంచెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరదు. ఈ పదార్థాలు కణంలో ఫోలిక్ ఆమ్లం చోటును అలాగే ఆక్రమిస్తాయి. కణం విభజన చెందలేక చస్తుంది. డోరిస్ సీగర్ తదితరులు సంశ్లేషించిన అమినోప్టెరిన్ వాటిలో బలమైనది.

1947 డిసెంబరు 28న బోస్టన్‌లో రెండేళ్ల బాలునికి ఆ మందు ఎక్కించారు. కొద్దిరోజుల్లో రక్తంలోని చెడ్డ తెల్లకణాల సంఖ్య తగ్గనారంభించింది. వాపులు తీసిపోయాయి. మంచం దిగలేని పిల్లవాడు మళ్లీ నడిచాడు. 1948 జూన్ 3న ఫార్బర్ బృందం తమ ఫలితాలను ప్రకటించింది. చికిత్స చేసిన 16 మంది పిల్లల్లో 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది.

తాత్కాలికంగా అన్న మాటను వైద్యులు దాచలేదు. మందు ప్రమాదకరమైనదని, దానివల్ల నోరు పుండ్లు పడుతున్నదని, రక్తస్రావం కలుగుతున్నదని, వ్యాధి తిరిగి వస్తున్నదని స్పష్టంగా రాశారు. చాలామంది వైద్యులు నమ్మలేదు. చావక తప్పని పిల్లలను మందులతో మరింత బాధించడమెందుకని ఆసుపత్రిలోనే కొందరు వ్యతిరేకించారు. ఆ అభ్యంతరాన్ని తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. ఆ పిల్లల్లో ఎవరికీ శాశ్వతమైన ఆయుష్షు దక్కలేదు. వారికి దక్కినవి కొన్ని వారాలు, కొన్ని నెలలు. కాని మందుతో రక్త క్యాన్సర్‌ను వెనుకకు నెట్టవచ్చునని లోకానికి తెలిసింది వారి వల్లనే.

చూడని పంట

ఆ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. వయస్సు 53 సంవత్సరాలు. అప్పటికి ఆయన పర్యవేక్షణలో మరి రెండు మహత్కార్యాలు పూర్తయ్యాయి. బోదకాలుకు హెట్రజాన్ అనే మందు 1947లో వెలువడింది. కోస్తాంధ్రలోను, ఒడిశా తీరంలోను ప్రభుత్వం ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలు అవే. రెండవది, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి సాధించిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆది.

అమినోప్టెరిన్‌కు సోదరి వంటి మిథోట్రెక్సేట్ విషప్రభావం కొంత తక్కువగా ఉండడంతో నిలిచింది. 1956లో అమెరికాలో హెర్ట్జ్, లీ అనే వైద్యులు గర్భిణులకు వచ్చే ఒక క్యాన్సర్‌ను ఈ మందుతోనే పూర్తిగా నయం చేశారు. 1950ల మధ్యకాలం నుంచి లుకేమియా పిల్లలను చీటీలు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఏ వర్గానికి ఏ చికిత్స మేలు చేసిందో సరిపోల్చే పద్ధతి వచ్చింది. ఒక్క మందుతో తిరిగివచ్చే వ్యాధిని నాలుగు మందులు కలిపి ఎదుర్కొన్నారు. వాటిలో ఒకటైన విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూచే బిళ్లగన్నేరు నుంచి వచ్చినది. ఈ విధంగా పరీక్ష మీద పరీక్షగా సాగి, నేడు మంచి వైద్యవసతి ఉన్న దేశాల్లో ఈ రకపు లుకేమియా సోకిన పిల్లల్లో నూటికి 90 మంది వరకు బ్రతుకుతున్నారు.

ఆనాడు పిల్లల తల్లిదండ్రులకు నేటివంటి రక్షణలు లేవు. భారతదేశంలో 2019 నాటి నియమాల ప్రకారం కొత్త మందును మనిషిపై పరీక్షించాలంటే నైతిక సంఘం ఆమోదం ఉండాలి. లాభనష్టాలను అర్థమయ్యే భాషలో వివరించి వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. కాదనడానికీ, మధ్యలో విరమించుకోవడానికీ రోగికి హక్కు ఉన్నది. సరిహద్దు గ్రామాల కుటుంబాలు పరాయి భాషలో ఉన్న కాగితంపై అర్థం తెలియకుండా సంతకం పెట్టనవసరం లేదు. తెలుగులో చెప్పమని అడగవచ్చు.

సుబ్బారావుకు నోబెల్ బహుమానం రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. భర్త రాకకై ఎదురుచూసిన శేషగిరి ఎదురుచూపు మాత్రం ఫలించలేదు. ఆయన సాధించిన విజయాలకు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా ఆయన చరిత్రలో చేర్చి చెప్పుకోవలసి ఉన్నది. భీమవరంలో పుట్టి, మద్రాసులో చదివి, కోరంగి దాత పెట్టిన ధర్మం ఆశతో సముద్రం దాటిన ఆ మనిషి శ్రమ నేడు ఏ భాష మాట్లాడే ఇంటికైనా ఒక చిన్న పసుపుపచ్చని బిళ్ల రూపంలో అందుతూనే ఉన్నది.