కాన్పు బరువు ఎవరు మోయాలి? అంబేద్కర్ అడిగిన ప్రశ్న, ఫిల్మ్‌నగర్ ఇవ్వని జవాబు

జూబ్లీహిల్స్ అనగానే హీరోల బంగళాలు, స్టూడియోలు, ప్రివ్యూ థియేటర్లు గుర్తొస్తాయి. అదే జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టుకుంది. పెళ్లి వల్లనో, పిల్లల వల్లనో, కూలి పని వల్లనో చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ డిగ్రీ దారి చూపిన సంస్థ అది. ఆ పేరుకూ, ఆ ఆడవాళ్ల కడుపుకోతకూ ఉన్న సంబంధం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

అంబేద్కర్ అంటే రాజ్యాంగం, రిజర్వేషన్లు, కులనిర్మూలన. ఇవన్నీ నిజమే. గర్భం, కాన్పు, సంతాన నియంత్రణ, లైంగిక విజ్ఞానం గురించి చట్టసభల్లోనూ కోర్టులోనూ పదిహేడేళ్ల పాటు వాదించిన అంబేద్కర్ కూడా ఆయనే. ఆయన రచనలు, ప్రసంగాల సంపుటాల్లో బొంబాయి చట్టసభ ప్రసంగాలున్న రెండో సంపుటం, లేబర్ మెంబర్‌గా చేసిన పనులున్న పదో సంపుటం తెరిస్తే ఈ మనిషి కనిపిస్తాడు. ఆయన్ను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ ఇంట్లోకి వెళ్లాలి.

పద్నాలుగో బిడ్డ

1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో భీమ్‌రావు పుట్టాడు. సుబేదార్ రామ్‌జీ, భీమాబాయి దంపతులకు ఆయన పద్నాలుగో సంతానం, ఆఖరివాడు. పద్నాలుగు కాన్పుల్లో చివరికి మిగిలింది ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అయిదుగురు. కొడుక్కి ఐదారేళ్లు వచ్చేసరికి తల్లి కూడా పోయింది. మేనత్త మీరాబాయి ఆ పిల్లల్ని సాకింది.

తల్లి ముఖం సరిగా గుర్తుండని వయసులో తల్లిని పోగొట్టుకున్న పిల్లలు ఆ కాలంలో ప్రతి వాడలో ఉండేవాళ్లు. ఏటికేడు కాన్పులు, మధ్యలో విశ్రాంతి లేదు, మంత్రసాని తప్ప వైద్యం లేదు. మాలపల్లెల్లో, మాదిగవాడల్లో మన తాతమ్మల కథ ఇదే. ఎందరిని కన్నావని అడిగితే ఒక లెక్క, ఎందరున్నారని అడిగితే ఇంకో లెక్క చెప్పేవాళ్లు.

1906లో భీమ్‌రావుకు పెళ్లయింది. ఆయనకు పదిహేనేళ్లు, రమాబాయికి తొమ్మిది. బొంబాయి బైకుల్లా మార్కెట్లో అంగళ్లు మూసేశాక, రాత్రిపూట ఆ షెడ్డులోనే పెళ్లి జరిపించారు. తెల్లారేసరికి మార్కెట్ మళ్లీ తెరవాలి కాబట్టి ఖాళీ చేయాలి.

నలుగురు పిల్లలు

1912 డిసెంబర్‌లో పెద్దకొడుకు యశ్వంత్ పుట్టాడు. రెండు నెలలు తిరక్కుండానే, 1913 ఫిబ్రవరిలో తండ్రి రామ్‌జీ చనిపోయాడు. ఆ ఏడాదే బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో భీమ్‌రావు న్యూయార్క్ వెళ్లాడు. 1917 దాకా కొలంబియా, లండన్. మళ్లీ 1920 నుంచి 1923 దాకా లండన్. ఆయన పుస్తకాల మధ్య ఉన్న ఆ ఏళ్లలో రమాబాయి బొంబాయి కార్మికవాడల్లో ఇల్లు నెట్టుకొచ్చింది. మనం గర్వంగా చెప్పుకునే ఆ డిగ్రీల వెనుక ఆమె ఆకలి ఉంది.

ఆ దంపతులకు పుట్టిన రమేశ్, గంగాధర్, ఇందు అనే బిడ్డలు పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న. తండ్రికి వాడంటే ప్రాణం. 1926 జూలైలో వాడూ పోయాడు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు: నలుగురిని మట్టిలో పెట్టారు. ఆ దెబ్బ నుంచి తానూ భార్యా ఎప్పటికీ తేరుకోలేమని ఆ తర్వాతి నెలలో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పిల్లలు లేని బతుకు ఎంత రుచి లేకుండా పోయిందో అందులో చెప్పుకున్నాడు. విగ్రహాల్లో మనకు కనిపించే గంభీరమైన మనిషి ఆ ఉత్తరంలో ఉండడు. గుండె పగిలిన తండ్రి ఉంటాడు.

రమాబాయి ఆరోగ్యం అప్పటికే పాడైంది. 1935 మే 27న దాదర్‌లోని రాజగృహలో, భర్త పక్కనే ఉండగా, ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు కూడా లేవు. తర్వాత పాకిస్తాన్ సమస్యపై రాసిన పుస్తకాన్ని ఆయన ఆమెకే అంకితమిచ్చాడు.

1928 జూలై 28

రాజరత్న పోయిన కొద్ది నెలలకే అంబేద్కర్‌ను బొంబాయి శాసనమండలికి నామినేట్ చేశారు. 1928లో ప్రసూతి ప్రయోజనాల బిల్లు సభ ముందుకు వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి, ఆ రోజులకు భత్యం ఇవ్వాలన్నది దాని సారాంశం. ఒక్క బొంబాయిలోనే ఇలాంటి చట్టం తెస్తే మిల్లు యజమానులు మిగతా రాష్ట్రాలతో పోటీలో దెబ్బతింటారన్నది వ్యతిరేకించినవాళ్ల వాదన.

జూలై 28న అంబేద్కర్ లేచి మాట్లాడాడు. తన ఇంటి సంగతి ఎత్తలేదు. సూటిగా రెండు విషయాలు చెప్పాడు. గర్భిణికి కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, కాబట్టి ఆ ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వమే భరించడం న్యాయం. ఇక యజమానులు తమ ఫ్యాక్టరీలో ఆడవాళ్లను పనిలో పెట్టుకుంటున్నది లాభం ఉంది కాబట్టే. ఆ లాభం తీసుకునేవాడు కాన్పు ఖర్చులో తన వాటా ఇవ్వడం కూడా న్యాయం.

ఆయన వాదనలో దయాధర్మాల ప్రస్తావన లేదు. అది లెక్కల మాట, ఆర్థికవేత్త మాట. అప్పటిదాకా కాన్పు అంటే ఆ ఆడమనిషి సొంత గొడవ. మహా అయితే ఆమె మొగుడి గొడవ. అది సమాజపు ఖర్చు అని ఆయన చట్టసభలో నిలబడి చెప్పాడు. 1929లో బొంబాయి ప్రసూతి చట్టం వచ్చింది. 1930ల మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా అలాంటి చట్టం రావడంతో మన కోస్తా, రాయలసీమ జిల్లాల ఫ్యాక్టరీ స్త్రీలకూ ఆ హక్కు దక్కింది.

ఓడిపోయిన రెండు వాదనలు

1934లో ఆయన మరో కేసు పట్టాడు. రఘునాథ్ ధోండో కర్వే అనే అధ్యాపకుడు సమాజ్ స్వాస్థ్య అనే మరాఠీ పత్రిక నడిపేవాడు. లైంగిక ఆరోగ్యం గురించి, గర్భనిరోధం గురించి, మనుషులు సిగ్గుతో ఎవరినీ అడగలేని సందేహాల గురించి అందులో జవాబులు రాసేవాడు. హస్తప్రయోగం, స్వలింగ సంబంధాల వంటి విషయాలపై పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు అశ్లీలమంటూ సనాతనులు కేసు వేయించారు. కర్వే తరఫున అంబేద్కర్ వాదించాడు. శాస్త్రీయంగా జవాబు చెప్పడం బూతు ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. కాలారామ్ ఆలయం నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన దళితుల నాయకుడు ఒక బ్రాహ్మణ సంపాదకుడి పక్షాన నిలబడ్డాడంటే, శరీరం గురించిన జ్ఞానం కూడా గుడి, బావి లాగే కొందరికే తెరిచి ఉన్న చోటని ఆయనకు తెలుసు కాబట్టే అనుకుంటాను.

నాలుగేళ్ల తర్వాత, 1938 నవంబర్‌లో, సంతాన నియంత్రణ ప్రచారాన్నీ సదుపాయాలనూ ప్రభుత్వమే చేపట్టాలని బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తీర్మానం పెట్టింది. అంబేద్కర్ ఆ రోజు సభలో లేడు. ఆయన తయారుచేసిన ప్రసంగాన్ని సహచరుడు పి.జె. రోహమ్ వినిపించాడు. వరుస కాన్పులు స్త్రీ ఆరోగ్యాన్ని ఎలా తినేస్తాయో, పేదరికాన్ని ఎలా పెంచుతాయో అందులో వివరించాడు. గర్భం ధరించాలా వద్దా అనే నిర్ణయం ఆమె చేతిలో ఉండాలన్నాడు. ప్రసవ వేదన మగవాళ్లకే ఉండి ఉంటే ఒక్క బిడ్డ తర్వాత మరొకరికి ఎవడూ ఒప్పుకోడని కూడా అన్నాడు.

అది చిన్న సాహసం కాదు. అప్పటికి మైసూరు సంస్థానం మాత్రం 1930లో ప్రభుత్వ క్లినిక్కులు తెరిచింది. గాంధీజీ కృత్రిమ సాధనాలకు వ్యతిరేకి. 1935 చివర్లో అమెరికా నుంచి మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి వాదించినా ఆయన ఇంద్రియ నిగ్రహమే మార్గమన్నాడు. బొంబాయి సభలో తీర్మానం వీగిపోయింది. పద్నాలుగో బిడ్డగా పుట్టి, నలుగురు బిడ్డల్ని మట్టిలో పెట్టి, భార్యను పోగొట్టుకున్న మనిషి రాసిన ప్రసంగాన్ని సభ పక్కన పెట్టేసింది.

కానీ ఆడవాళ్లు పక్కన పెట్టలేదు. 1942 జూలైలో నాగపూర్‌లో సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షతన అణగారిన వర్గాల మహిళా మహాసభకు వేలమంది వచ్చారు. విడాకుల హక్కు కావాలని, బహుభార్యత్వం పోవాలని తీర్మానించారు. పెళ్లికి తొందరపడొద్దని, ఎక్కువమంది పిల్లల్ని కనొద్దని, భర్త ముందు బానిసలా కాక స్నేహితురాలిలా నిలబడమని అంబేద్కర్ వాళ్లకు చెప్పాడు.

బొగ్గు గనుల్లో

అదే నెలలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యాడు. గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టం 1941లోనే వచ్చింది. భత్యం ఏ రోజులకు వస్తుందన్న దగ్గర అందులో ఉన్న అస్పష్టతను 1943 సవరణతో ఆయన సరిచేశాడు. 1945 సవరణతో భూగర్భంలో పనిచేసేవాళ్లకు విశ్రాంతి కాలం పెరిగింది. గనుల దగ్గర శిశు సంరక్షణ కేంద్రాలకూ ఆయన హయాంలోనే చట్టబద్ధత వచ్చింది. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ వెళ్లి, స్వయంగా గనిలోకి దిగి చూశాడు.

ఈ అధ్యాయంలో చిక్కు కూడా ఉంది. యుద్ధకాలంలో బొగ్గు కొరత పేరుతో, స్త్రీలు భూగర్భంలో పనిచేయకూడదన్న నిషేధాన్ని 1943లో ప్రభుత్వం ఎత్తేసింది. ఆ ప్రభుత్వంలో లేబర్ మెంబర్ అంబేద్కరే. మహిళా సంఘాలు తీవ్రంగా విమర్శించాయి. ఇది తాత్కాలికమని, దిగిన స్త్రీలకు మగవాళ్లతో సమాన కూలి ఇస్తున్నామని 1944లో ఆయన కేంద్ర శాసనసభలో సమర్థించుకున్నాడు. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగి వచ్చింది. మధ్యలో గనుల్లోకి దిగినవాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ స్త్రీలే. బాబాసాహెబ్‌ను దేవుణ్ని చేసుకుంటే ఈ పేజీ దాటేయాలి. మనిషిగా చదివితే, పదవిలో ఉన్నవాడి మీద ఎన్ని ఒత్తిళ్లుంటాయో, పోరాడే సంఘాలు ఎందుకు అవసరమో తెలుస్తుంది.

1946లో ఫ్యాక్టరీల పని వారానికి 48 గంటలకు తగ్గింది. ఆ బిల్లు పెట్టిందీ ఆయనే. రాజ్యాంగం 42వ అధికరణం మానవీయమైన పని పరిస్థితులు, ప్రసూతి సహాయం కల్పించమని రాజ్యానికి నిర్దేశించింది. హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా 1951 సెప్టెంబర్‌లో మంత్రి పదవి వదిలేశాడు. 1953 జనవరిలో హైదరాబాద్ వచ్చి ఉస్మానియా గౌరవ డాక్టరేట్ అందుకున్నాడు. 1956 డిసెంబర్ 6న చనిపోయాడు. దేశమంతటికీ వర్తించే ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో సెలవు 26 వారాలైంది.

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం గేటు దాటి ఫిల్మ్‌నగర్ వైపు నడుద్దాం. 26 వారాల సెలవు ఎవరికి దొరుకుతుంది? కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో ఒకే యజమాని దగ్గర 80 రోజులు పనిచేసి ఉండాలన్నది నిబంధన. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని, తెల్లారుజామున షూటింగ్ బస్సు ఎక్కే జూనియర్ ఆర్టిస్టుకు ఈ వారం ఒక నిర్మాత, వచ్చే వారం ఇంకో నిర్మాత. ఏడాదిలో రెండొందల రోజులు పనిచేసినా ఒక్కరి దగ్గర 80 రోజులు తేలవు. సైడ్ డ్యాన్సర్‌కూ, సెట్‌లో గిన్నెలు కడిగే ఆమెకూ అంతే. కొండమీది బంగళాల్లో అంట్లు తోమడానికి బస్తీల నుంచి వెళ్లే ఆమె సంగతి మరీ అన్యాయం. ఇల్లు ఆ చట్టం దృష్టిలో సంస్థే కాదు. చట్టం ఉంది, ఆమెకు అందేంత దూరంలో లేదు.

షూటింగుల్లో మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు లేక జూనియర్ ఆర్టిస్టులు మంచినీళ్లు కూడా తాగకుండా ఉండి మూత్రనాళ ఇన్ఫెక్షన్ల పాలవుతున్నారని 2024లో బయటికొచ్చిన కేరళ హేమ కమిటీ నివేదిక చెప్పింది. మన దగ్గర 2018లో ఫిల్మ్ చాంబర్ ముందు నిరసన జరిగింది. 2019లో లైంగిక వేధింపులపై ప్రభుత్వం కమిటీ వేసింది. దాని నివేదికను బయటపెట్టమని 2024లో సినీరంగ మహిళలే అడగాల్సి వచ్చింది. 2025లో, బిడ్డతల్లి అయిన ఒక అగ్రతార ఎనిమిది గంటల పని కోరిందన్న వార్త దేశమంతా చర్చ అయింది. తారకే అది కష్టమైతే, రోజుకూలి బాలింత నోరు తెరవగలదా?

సంతాన నియంత్రణ సంగతీ చూద్దాం. 1938లో అంబేద్కర్ కోరింది స్త్రీకి ఎంచుకునే స్వేచ్ఛ. మనకు వచ్చింది ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నారు. మగవాళ్ల వాటా అతి స్వల్పం. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. నిన్నటిదాకా ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నారు. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండని పిలుపులు వస్తున్నాయి. కనొద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ ఆమెను అడిగినవాళ్లు లేరు.

అంబేద్కర్ 1928లో చెప్పిన లెక్క ఇవాళ్టికీ సరిపోతుంది. ప్రభుత్వం ఒక వాటా, లాభం తీసుకునేవాడు ఒక వాటా. సినీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1981లోనే వచ్చింది. ప్రతి సినిమా బడ్జెట్టు నుంచి ప్రసూతి వాటా ఆ నిధికి చేరేలా చూడాలి. 80 రోజుల లెక్కను ఒక నిర్మాతకు కాక మొత్తం పరిశ్రమకు కట్టాలి. యూనియన్ కార్డు ఉన్నా లేకున్నా ఆమె పనిచేసిన రోజులు నమోదు కావాలి. 2025 ఆగస్టులో వేతనాల కోసం షూటింగులు ఆపి పోరాడిన సంఘాలకు ఈ డిమాండు పెట్టే బలం ఉంది. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి పూలదండ వేసే చేతులు, ఈసారి ఆ డిమాండు పత్రం కూడా పట్టుకుని ఫిల్మ్ చాంబర్ మెట్లెక్కాలి.