వెలుగుకు కొలత నేర్పిన ఛాయాచిత్రకారుడు – ఆన్సెల్ ఆడమ్స్

తెలుపు నలుపుల ఛాయాచిత్రంలో చీకటికంటె వెలుగే ఎక్కువ చిక్కులు తెచ్చిపెడుతుంది. తెల్లని మేఘమూ, సున్నం కొట్టిన గోడా, మంచు కప్పిన శిఖరమూ కాగితం మీదికి వచ్చేసరికి ఏ జాడా లేని ఉత్త తెలుపుగా మిగిలిపోతాయి. ఆ వెలుగును అదుపు చేసే విద్యకు ఒక స్పష్టమైన కొలమానాన్ని ప్రసాదించిన కళాకారుడు ఆన్సెల్ ఆడమ్స్. ఆయన జీవితాన్ని విద్యార్థి లోకానికి సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. బడిలో కుదురుకోలేని ఆ బాలుని తండ్రి 1915లో బడి మాన్పించి, ఇంటివద్దనే చదువు చెప్పించారు. పన్నెండవ ఏటనే పియానోపై మనసు పెట్టిన ఆయన సంగీతమే తన వృత్తి అని భావించారు. అయితే 1916లో యోసెమిటీ లోయను చూడబోయినప్పుడు తల్లిదండ్రులు ఇచ్చిన చిన్న కోడక్ కెమెరా ఆ దారిని క్రమంగా మళ్ళించింది. 1930లో పాల్ స్ట్రాండ్ అనే ఛాయాచిత్రకారుని నెగెటివ్‌లను చూచిన పిమ్మట పియానోను వీడి, కెమెరానే వరించారు. స్వరస్థానాలను సాధన చేసిన ఆ క్రమశిక్షణ మాత్రం ఆయనను విడువలేదు.

1939–40 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ పాఠశాలలో బోధిస్తూ, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆయన రూపొందించిన పద్ధతికే జోన్ సిస్టమ్ అని పేరు. కటిక నలుపును సున్నగా, శుద్ధమైన తెలుపును పదిగా లెక్కించి, నడుమనున్న ఛాయలను మెట్లుగా అమర్చారు. మెట్టు మెట్టుకూ ఎక్స్‌పోజర్ రెట్టింపవుతుంది. దీని మర్మం డెవలపరులో ఉంది. నీడ పడిన భాగాలలో వెలుగు సోకిన వెండి రేణువులు స్వల్పం గనుక, అవి త్వరగానే తమ పని ముగిస్తాయి. వెలుగు భాగాలు మాత్రం డెవలపరులో ఉంచినకొద్దీ దట్టమవుతూనే ఉంటాయి. కనుక ఎక్స్‌పోజరును నీడలనుబట్టి, డెవలప్ చేసే కాలాన్ని వెలుగులనుబట్టి నిర్ణయించాలి. కాలం తగ్గిస్తే వెలుగు అణగుతుంది, పెంచితే విజృంభిస్తుంది.

ఈ విద్యకు 1941లో గట్టి పరీక్ష ఎదురైంది. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీదుగా కారులో పోతుండగా, మంచుకొండలపై చంద్రోదయమూ, అస్తమించే సూర్యకాంతిలో మెరుస్తున్న శ్మశానపు శిలువలూ ఆయన కంటబడ్డాయి. హడావిడిగా పెద్ద కెమెరాను నిలబెట్టారు గాని, లైట్ మీటరు చేతికి దొరకలేదు. చంద్రబింబపు ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని ఆయనకు గుర్తున్నది. చంద్రుడు ఏడవ మెట్టున నిలిచేటట్లు, అనగా తెల్లగా ఉండియు తన మచ్చలను కోల్పోకుండేటట్లు లెక్కకట్టి, ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చారు. రెండవ ఫిల్మ్ సిద్ధం చేసేలోగా శిలువలపై ఎండ జారిపోయింది. మిగిలింది ఒకే ఒక్క నెగెటివ్!

చంద్రునికి సరిపోయిన ఆ ఎక్స్‌పోజర్ నేలపై నీడలకు చాలునో చాలదో తెలియదు. అందుచేత ఆడమ్స్ ఫిల్మ్‌ను డెవలపరులో ముంచి, కదలిక లేని నీటిలో ఉంచుతూ, ఆ క్రమాన్ని పది మార్లు జరిపారు. నీటిలో ఉండగా, వెలుగు భాగాలలో ఇంకిన డెవలపరు త్వరగా శక్తి ఉడిగిపోతుంది. నీడలలోనిది మెల్లగా పని చేస్తూనే ఉంటుంది. చంద్రుడు చెడలేదు, గ్రామమూ దక్కింది. అయినా నేలభాగం పలుచగానే ఉండడంతో, 1948లో రసాయనంతో దానిని మరికొంత దట్టం చేశారు. ఆ చిత్రమే నేడు లోకప్రసిద్ధమైనది.

తన విద్యను రహస్యంగా దాచుకొనక, కెమెరా, నెగెటివ్, ప్రింటు అనే విషయాలపై మూడు గ్రంథాలుగా వ్రాసి ఆయన అందరికీ పంచిపెట్టారు. 1984 ఏప్రిల్ 22న పరమపదించారు.

ఆ సాయంకాలం ఆయనకు లభించిన వ్యవధి కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ నిమిషాలలో అక్కరకు వచ్చినది చేతిలోని పరికరం కాదు, ఏనాడో నేర్చి కంఠస్థం చేసికొన్న ఒక్క అంకె. పరీక్షల కొరకే చదువు అని తలచే యువతీయువకులు ఈ సంగతిని ఒక్కమారు తలపోయాలని మా ఆకాంక్ష.