చేలో పుట్టిన లెక్క

రొనాల్డ్ ఫిషర్ పేరు మన కూలి జనంలో విన్నవాళ్ళు తక్కువ. ఆయన లెక్క మాత్రం మనం మింగే అనేక మందుల వెనక వుంది. అది ఆసుపత్రిలో పుట్టింది కాదు, చేలో పుట్టింది.

1890లో లండన్‌లో పుట్టిన ఫిషర్‌కు చూపు బాగా తక్కువ. కేంబ్రిడ్జిలో గణితం చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు చాలదని సైన్యంలోకి తీసుకోలేదు. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ కొంత సేద్యం చేశారు. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరారు. యెరువుల ఫ్యాక్టరీ యజమాని జాన్ లాస్ 1843లో మొదలుపెట్టిన కేంద్రం అది.

ఒకే చేలో ఒక మూల పండినట్టు ఇంకో మూల పండదని మనకు తెలుసు. మరి నాలుగు యెరువులు వేసి చూస్తే గెలిచింది యెరువా, నేలా? ఫిషర్ దారి చూపారు. చేనును ముక్కలు చేయాలి. ఏ ముక్కకు ఏ యెరువో చీటీలు వేసి తేల్చాలి. ఒక్కో యెరువునూ పలుచోట్ల వేయాలి. ఒకే యెరువు పడ్డ ముక్కల మధ్య కూడా దిగుబడి తేడా వుంటుంది. యెరువుకూ యెరువుకూ మధ్య తేడా దాన్ని బాగా మించితేనే అది యెరువు మహిమ. 1923లో 12 బంగాళాదుంప రకాల మీద ఈ లెక్క కట్టి చూపారు. 1925లో పుస్తకం రాశారు.

తర్వాత చేని ముక్కల స్థానంలో రోగులు, యెరువుల స్థానంలో మందులు వచ్చాయి. పది మందులు పోల్చితే ఏదో ఒకటి అదృష్టం కొద్దీ గెలిచినట్టు కనబడుతుంది. అందుకే నచ్చిన జతను ఏరుకోకుండా అన్నిటినీ కలిపి తూచాలి. 1956లో మద్రాసులో క్షయ రోగులను చీటీల పద్ధతిలోనే పంచి, కొందరికి ఆసుపత్రిలో, కొందరికి ఇంటి దగ్గరే వైద్యం చేశారు. ఇరుకు ఇళ్ళలో వున్న పేదలకూ మందు బాగానే పనిచేసిందని 1959లో తేలింది. నెలల తరబడి మంచం పట్టి కూలి పోగొట్టుకునే వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఆయన తప్పులనూ దాచం. మేలుజాతి మనుషులన్న వాదాన్ని నమ్మారు. పొగాకు కంపెనీలకు సలహాదారుగా వుండి, పొగ వల్లే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందన్న మాటను కొట్టిపారేశారు. అది తప్పని రుజువైంది. 1962లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కన్నుమూశారు.

మనిషి తప్పినా పద్ధతి మిగిలింది. రేపు కంపెనీవాడు పచ్చని మడి చూపించి మందు అమ్మబోతే మనం అడగాలి: ఈ మడిని ఎంచిందెవరు? చీటీ వేశారా? ఎన్నిచోట్ల వేసి చూశారు? ఓడినవి ఎక్కడ?