తొలి వైస్ ఛాన్సలర్ మన కట్టమంచి రెడ్డిగారు

చిత్తూరు: ఇప్పుడు చిత్తూరు పట్నంలో కలిసిపోయిన కట్టమంచి ఒకప్పుడు పట్నానికి ఆనుకుని వున్న పల్లె. ఆ పల్లె పేరే ఇంటిపేరుగా గల డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్. తెలుగునాట చదువుకున్న వారికి ఆయన పేరు కొత్త కాదు. అయితే ఆయన నిలబెట్టిన యూనివర్శిటీలో ఆయన సొంత జిల్లాకే చోటు లేకుండా పోయిన సంగతి చాలామందికి తెలియదు.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10న జన్మించారు. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో వుండేది. ఇక్కడి హైస్కూలు చదువు ముగించుకుని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అక్కడి తెలుగు సంఘం పెట్టిన పోటీకి 1899లో 'ముసలమ్మ మరణము' కావ్యం రాసి బహుమతి గెలిచారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగిపోకుండా ప్రాణమిచ్చిన ఒక రైతు కోడలి కథ అది. రాజుల కథలు, దేవతల కథలు విడిచి చెరువు కట్ట మీది కథను ఎంచుకున్నందుకే ఆ కుర్రవాణ్ణి మెచ్చుకోవాలి.

ఆ తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లాండు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివారు. అక్కడి విద్యార్థుల యూనియన్‌కు వైస్ ప్రెసిడెంటుగా ఎన్నికయ్యారు. తెల్లదొరల పిల్లలతో నిండిన ఆ సభలో నల్లవాడు ఓట్లు తెచ్చుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తిరిగి వచ్చాక బరోడా కాలేజీలో అరవిందులు వదిలిన వైస్ ప్రిన్సిపాల్ పదవి ఆయనకు దక్కింది. 1909లో మైసూరు చేరి మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్ అయి, 1918లో ఆ సంస్థానం మొత్తానికి విద్యాశాఖాధిపతి అయ్యారు. అంటరానివారని గడప బయటే నిలబెట్టిన పిల్లలను సర్కారు బడులలో అందరితోపాటు చేర్చుకోవాలని ఆ పదవిలో వుండగానే పట్టుబట్టారు. పెద్దకులాల వారు గొడవ చేసినా ఆయన వెనక్కి తగ్గలేదు.

1921లో ఉద్యోగం వదిలి రాజకీయాలలోకి దిగారు. 1923లో మద్రాసు శాసనమండలిలో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. అది వీగిపోయింది. రాజకీయాలలో ఆయన ఏ పార్టీలోనూ ఎక్కువ కాలం కుదురుకోలేదు.

మద్రాసు పరీక్షల కాలం

1926కు ముందు తెలుగు జిల్లాల విద్యార్థికి మద్రాసు యూనివర్శిటీ తప్ప వేరే దిక్కు లేదు. రాజమండ్రి, కాకినాడ, బందరు, విజయనగరం కాలేజీలన్నీ దాని కిందివే. ప్రశ్నపత్రం అక్కడి నుంచి రావాలి, ఫలితం అక్కడ తేలాలి, పట్టా అక్కడే పుచ్చుకోవాలి. పై చదువులు కావాలంటే పెట్టె, పరుపుచుట్ట కట్టుకుని మద్రాసు రైలెక్కాలి. అంత ఖర్చు భరించగల రైతు ఇల్లు ఊరికి ఒకటి వుంటే గొప్ప. అందుకే 1913 నుంచి జరుగుతూ వచ్చిన ఆంధ్ర మహాసభల కాలమంతా తెలుగువారికి వేరే యూనివర్శిటీ కావాలన్న కోరిక వినబడుతూనే వుంది.

1926లో చట్టం వచ్చింది. బెజవాడలో యూనివర్శిటీ మొదలైంది. రెడ్డిగారు వైస్ ఛాన్సలర్ అయ్యారు. అప్పటికి సొంత తరగతులు లేవు. వున్న కాలేజీలకు గుర్తింపు ఇవ్వడం, పరీక్షలు పెట్టడమే పని. గంజాం నుంచి చిత్తూరు దాకా తెలుగు జిల్లాలు, బళ్లారితో సహా, అన్నీ దాని పరిధిలోనే వుండేవి.

చిక్కంతా ముఖ్య స్థానం దగ్గర వచ్చింది. బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, విశాఖపట్నం అని కొందరు, అనంతపురం అని దత్తమండలాల వారు పట్టుబట్టారు. చివరకు వాల్తేరు ఖాయమై, 1930 సెప్టెంబరులో యూనివర్శిటీ అక్కడికి తరలింది. చిత్తూరుకు వాల్తేరు సుమారు 800 కిలోమీటర్లు, మద్రాసు 150. దత్తమండలాల కాలేజీలు, వాటితోపాటు చిత్తూరు జిల్లా తిరిగి మద్రాసు యూనివర్శిటీ కిందికే పోయాయి. తొలి వైస్ ఛాన్సలర్ సొంత ఊరి కుర్రవాడు మళ్లీ మద్రాసు పరీక్షే రాశాడు. దీనికి రెడ్డిగారిని తప్పుపట్టిన వారూ వున్నారు. కానీ సముద్రపు ఒడ్డున ఖాళీ గుట్టల మీద యూనివర్శిటీ కట్టవలసిన మనిషి తన జిల్లా కోసమని ఆగి వుంటే కోస్తా పిల్లలకు కూడా అది దక్కేది కాదేమో.

ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం లాఠీలు ప్రయోగించడంతో నిరసనగా 1930లో ఆయన రాజీనామా ఇచ్చారు. కట్టడం మొదలైన ఇంటిని వదిలి వచ్చేయడం లాంటిది అది. తర్వాత వచ్చిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ హయాంలో ఆనర్సు తరగతులు మొదలయ్యాయి. దేశం నలుమూలల నుంచి మేటి అధ్యాపకులు వచ్చారు.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డు వెళ్లడంతో రెడ్డిగారు మళ్లీ ఎన్నికై 1949 దాకా వున్నారు. డబ్బు సంపాదించడంలో ఆయన నేర్పు గొప్పది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. రసాయన శాస్త్రంలో శేషాద్రి, భౌతిక శాస్త్రంలో భగవంతం వంటి వారి దగ్గర తెలుగు కుర్రవాళ్లు పరిశోధనలు చేశారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడిన తర్వాత యూనివర్శిటీని కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చింది. పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులు అందరూ సర్దుకుని పోయి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చారు.

ఈ మధ్యలో 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడా యూనివర్శిటీ కేంద్రం వుండాలని అందులో రాసుకున్నారు. ఆ మాట కాగితం మీదే వుండిపోయింది.

రెడ్డిగారు పెళ్లి చేసుకోలేదు. ఆయన 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. మరో మూడేళ్లకు, 1954లో, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా వుండగా తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. ఆ తర్వాతే చిత్తూరు జిల్లా కాలేజీలు మద్రాసును వదిలి సొంత జిల్లాలోని యూనివర్శిటీ కిందికి వచ్చాయి.