విలియం మూర్‌క్రాఫ్ట్

విలియం మూర్‌క్రాఫ్ట్ (1767 - ఆగష్టు 27, 1825) ఆంగ్లేయ పశువైద్యుడు, యాత్రికుడు. గుర్రాల కుంటితనానికి శస్త్రచికిత్స చేసిన తొలితరం వైద్యులలో ఒకడు. ఈస్టిండియా కంపెనీ అశ్వదళానికి మేలుజాతి గుర్రాలను అన్వేషిస్తూ బుఖారా వరకు ప్రయాణించాడు.

బాల్యము, విద్య

ఇంగ్లండులోని ఆర్మ్స్‌కర్క్‌లో జన్మించాడు. లివర్‌పూల్‌లో శస్త్రవైద్యం అభ్యసిస్తున్న రోజులలో ఆ ప్రాంతపు పశువులకు వ్యాధి సోకింది. దానిని పరిశీలించే క్రమంలో పశువైద్యం వైపు మళ్ళి, ఫ్రాన్సులోని లియాన్ పశువైద్య పాఠశాలలో చేరాడు. ఈ విద్యలో పట్టా పొందిన మొదటి ఆంగ్లేయుడు ఇతడే.

గుర్రాల చికిత్స

లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ వీధిలో వైద్యశాల నెలకొల్పాడు. 1794లో లండన్ పశువైద్య కళాశాలలో ఆచార్య పదవి లభించినా కొద్ది వారాలకే విడిచిపెట్టాడు. లాడాలను యంత్రంతో తయారుచేయబోయి ధనం నష్టపోయాడు. 1800లో లాడాలు వేసే పద్ధతులపై ఒక గ్రంథం ప్రచురించాడు.

ఆ కాలంలో గుర్రపు కాలిలోని స్నాయుబంధనాలు, సంధిబంధనాలు దెబ్బతింటే కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. గిట్టలోపలి పడవ ఆకారపు చిన్న ఎముకకు, దానిని ఆనుకొని సాగే స్నాయుబంధనానికి వ్యాధి సోకినపుడు, పాదానికి వెళ్ళే నాడిని కోసివేసే చికిత్సను మూర్‌క్రాఫ్ట్ ప్రయోగించాడు. దీనిని మొదట కనుగొన్న ఘనత ఇతనిదా, విలియం సెవెల్‌దా అన్న వివాదం ఉంది. ఈ చికిత్స నొప్పిని పోగొడుతుందే గాని వ్యాధిని నయం చేయదు. నొప్పి తెలియని గుర్రం కాలిపై పూర్తి భారం మోపడం వలన స్నాయుబంధనం తెగిపోయే ప్రమాదమున్నది. అందువలన నేటికీ దీనిని చివరి ఉపాయంగానే పరిగణిస్తారు.

భారతదేశంలో

భారతదేశంలో యుద్ధాశ్వాల కొరత పాతదే. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) ఓడల సరుకులలో గుర్రాలను కూడా పేర్కొన్నది. కంపెనీ ఈ కొరతను తీర్చుకొనుటకు బీహారులోని పూసాలో అశ్వశాల నెలకొల్పి, 1808లో మూర్‌క్రాఫ్ట్‌ను దాని అధికారిగా నియమించింది. అక్కడి గుర్రాల మేత కోసం ఓట్స్ పంటను సాగుచేయించాడు.

1812లో గోసాయి వేషంలో హిమాలయాలు దాటి మానస సరోవరం చేరాడు. 1819లో మళ్ళీ బయలుదేరి లాహోరు, లడఖ్, కాశ్మీరుల మీదుగా 1825 ఫిబ్రవరిలో బుఖారా చేరుకున్నాడు. ఆశించిన గుర్రాలు అక్కడ లభించలేదు.

మరణము

తిరుగు ప్రయాణంలో ఆఫ్ఘన్ తుర్కిస్తాన్‌లోని అంద్‌ఖోయ్‌లో జ్వరంతో మరణించాడు. సహచరుడు జార్జి ట్రెబెక్ కూడా కొంతకాలానికే మరణించాడు. వీరి యాత్రావిశేషాలను హోరేస్ హేమన్ విల్సన్ పరిష్కరించగా 1841లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.