చక్రపాణి

చక్రపాణి (ఆగష్టు 5, 1908 - సెప్టెంబరు 24, 1975) ప్రముఖ తెలుగు రచయిత, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు, సినీ నిర్మాత. ఈయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. దాంపత్య జీవితంలోని ఒడిదుడుకులను హాస్యంతో చెప్పిన చిత్రాలకు పేరుపొందాడు.

బాల్యం, సాహిత్యం

చక్రపాణి గుంటూరు జిల్లా తెనాలి వద్ద ఐతానగరంలో జన్మించాడు. హిందీ నేర్పిన వ్రజనందన శర్మ ఈయనకు చక్రపాణి అనే కలం పేరు పెట్టాడు. క్షయవ్యాధి సోకి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్నాడు. శరత్ చంద్ర నవలలను సరళమైన వాడుక భాషలోకి అనువదించాడు. శరత్ తెలుగు రచయితే అని పాఠకులు భావించేంత సహజంగా ఆ అనువాదాలు ఉండేవి. 1947 జూలైలో బి.నాగిరెడ్డితో కలిసి పిల్లల మాసపత్రిక చందమామను ప్రారంభించాడు.

సినీ జీవితం

ధర్మపత్ని (1941), స్వర్గసీమ (1945) చిత్రాలకు రచన చేశాడు. భార్యను విడిచి రంగస్థల నటి వ్యామోహంలో పడిన భర్త పతనం, పశ్చాత్తాపం స్వర్గసీమ ఇతివృత్తం. తరువాత నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థను నెలకొల్పాడు. పెళ్ళిచేసి చూడు (1952) చిత్రంలో కట్నం వల్ల కొత్త దంపతులు పడే పాట్లను నవ్విస్తూ విమర్శించాడు.

ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన మిస్సమ్మ (1955) ఈయన రచనల్లో అగ్రగణ్యమైనది. ఉపాధ్యాయ ఉద్యోగాలు భార్యాభర్తలకే ఇస్తామన్న ప్రకటన చూసి, నిరుద్యోగులైన ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి దంపతులుగా నటిస్తారు. అప్పు తీర్చవలసిన అవసరం ఆమెది, జీవనోపాధి ఆయనది. కలహాలతో, అసూయలతో సాగిన ఆ నటనే క్రమంగా ప్రేమగా మారుతుంది. మొదట భానుమతితో కొంత భాగం చిత్రీకరించారు. ఆమెతో విభేదాలు వచ్చినపుడు చక్రపాణి వెనుకాడక, ఆ పాత్రను సావిత్రికి ఇచ్చాడు. ఈ చిత్రం సావిత్రిని అగ్రనటిగా నిలబెట్టింది. ఇదే కథ తమిళంలో మిస్సియమ్మగా, హిందీలో మిస్ మేరీ (1957)గా వచ్చింది.

గుండమ్మ కథ (1962)లో సవతి తల్లి చేత చాకిరీ చేస్తున్న యువతిని, గారాబంగా పెరిగిన ఆమె సవతి చెల్లెలిని ఇద్దరు అన్నదమ్ములు మారువేషాలతో పెళ్ళాడతారు.

ప్రత్యేకత

ఈయన కథల్లో కష్టాలకు మూలం తరచుగా దుర్మార్గులు కాదు. కట్నం, నిరుద్యోగం, అప్పు, అహంకారం. అందువల్లనే తగవులు నవ్వు పుట్టిస్తూనే ఆలోచింపజేస్తాయి. ఆ చిత్రాలు తరువాతి తరాల ప్రేక్షకులనూ అలరించాయి.